పేర్రాజు తాత మజ్జిగ కుండ

పాడుబడ్డ రైసుమిల్లు వెనకాల చింతచెట్టుంది చూశారూ, దాని కిందికి మిట్టమధ్యాహ్నం ఎవరూ వెళ్ళరు. కాయలు రాలి మట్టిలో కలిసిపోతాయి గానీ ఒక్కరూ ఏరుకోరు. ఎందుకర్రా అంటే, అక్కడ పేర్రాజు దెయ్యం కుండ పట్టుకుని పిలుస్తుందిట, ఆ చేతి మజ్జిగ తాగితే నెత్తురు కక్కుకుని చస్తారుట. ఇందాక ఆ చంటిది అన్నం తిననంటే వాళ్ళమ్మ ఏమని భయపెట్టింది? పేర్రాజొస్తాడనే కదూ? నేను విన్నాలే. వినబట్టే ఇవాళ నోరు విప్పుతున్నా.

ఆ పేర్రాజు మా తాతర్రా. మా నాన్నకి నాన్న. ఆ మిల్లు ఆయనదే. ఎండలో వడ్లబస్తా మోసుకుని ఎవరొచ్చినా సరే, ముందు ఆ చెట్టు కింద కూచోబెట్టి, ఉప్పూ నిమ్మాకూ వేసిన మజ్జిగ ముంతెడు పోసి, అది తాగాకే బస్తా విప్పనిచ్చేవాడు. మర ఎక్కడికీ పారిపోదు, ముందు గొంతు తడుపుకోండి అనేవాడు. మిల్లుతో పనిలేని వాళ్ళూ దారినపోతూ ఆగి తాగేవాళ్ళు, తాత ఏనాడూ ఇదేమిటని అడిగింది లేదు. నేనంటే ఆయనకి ప్రాణం. ఆయన పోయిన రోజున ఊళ్ళో ఒక్క పొయ్యి వెలగలేదు.

తరవాత మిల్లు నా చేతికొచ్చింది. వచ్చింది సరే, బుద్ధి రావద్దూ? ఆ కుండ చూస్తే నాకు ఒళ్ళుమంట. రెండు గేదెల పాడీ ఈ జనానికే పోతోంది, మానేద్దామనుకున్నా, మానేస్తే ఊరు ఊరుకుంటుందా, తాత పోయి ఏడాది తిరక్కుండానే మనవడు కుండ బోర్లించాడు అనదూ? అని ఆలోచించి ఆలోచించి, నా దిక్కుమాలిన బుర్రకి ఒకటి తట్టి, ఓ మధ్యాహ్నం ఆ చెట్టు దగ్గర్నించి కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చి, మిల్లు గుమ్మంలో జనం మధ్య పడిపోయి, తాత కనిపించాడర్రా, కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి, మజ్జిగ తాగమని నా పీక పట్టుకున్నాడు అని చెప్పేశా. సొంత మనవడు చెప్తే నమ్మక చస్తారా! ఆ నెత్తురు కక్కుకోడం మాత్రం నేను చెప్పలేదు, అది ఊరు కలిపింది.

మర్నాటికి చెట్టు కింద నరపురుగు లేదు. కుండ బోర్లించా. పీడా వదిలిందనుకున్నా.

వారం తిరిగిందో లేదో, ఆకుకూరలమ్ముకునే లోవమ్మ అని ఒక ముసలావిడ, మండుటెండలో వచ్చి, గంప దించి, చెంబు పక్కన పెట్టుకుని ఆ చెట్టు కిందే కూచుంది. నేను పరిగెత్తుకెళ్ళి, మామ్మా, తాత దెయ్యమై తిరుగుతున్నాడు, నీకు భయం లేదా అన్నా.

"దెయ్యమైతే మాత్రం, మజ్జిగ పొయ్యకుండా పంపుతాడా బాబూ మీ తాత?" అంది. "ఓసారి చూసినట్టూ ఉంటుందని వచ్చా."

ఇంట్లో అప్పుడే చిలికిన మజ్జిగుంది. తెచ్చి పోస్తే కుండ మళ్ళీ నిలబెట్టాలి, నా అబద్ధం బయటపడుతుంది. పొయ్యలేదర్రా. లోపలికెళ్ళి తలుపేసుకుని కిటికీలోంచి చూస్తూ కూచున్నా. పొద్దువాలేదాకా ఉండి, ఖాళీ చెంబు గంపలో పెట్టుకుని, చెట్టుకి దణ్ణం పెట్టి, అలిగాడు పాపం, ఏం తప్పు చేశామో అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ మాట ఇప్పటికీ నన్ను కాలుస్తుంది. దెయ్యం భయానికి మిల్లుకీ ఎవరూ రాక అదీ మూతపడింది, నాకు కావలసిందే, దానికి ఏడవను. కానీ దణ్ణం పెట్టించుకోవాల్సిన మనిషి పేరు చెప్పి పిల్లలకి అన్నం తినిపిస్తున్నారే, అది నా నోటి పుణ్యమే కదా? నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నా, సిగ్గేసి నోరు పెగల్లేదు. ఇంతకాలం పట్టింది.

సరే, లేవండి. మిట్టమధ్యాహ్నం మాత్రం ఆ చెట్టు కిందికి వెళ్ళకండర్రా. దెయ్యమా, పాడా! ఎండనపడి అంతదూరం వెళితే గొంతెండిపోతుంది, అక్కడ మజ్జిగ పోసేవాళ్ళెవరూ లేరు.