విత్తనానికి ఉంచిన కాయ

బోధన్‌లో ఒక ఇంటి డాబా మీద ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అత్తగారు నీళ్ల బకెట్ కిందపెట్టి, మోకాళ్లు రాసుకుంటూ ఆనపపాదు వైపు చూసింది. పందిరికి నిన్న వేలాడిన కాయ ఇవాళ లేదు. వెనకే కోడలు వచ్చి నిలబడింది.

“విత్తనానికి ఉంచిన కాయ ఏమైందే?”

“రాత్రి పప్పుల ఏసిన అత్తమ్మా.”

“తొడిమెకు గుడ్డ కట్టిన గద. కనవడలేదా?”

“కనవడ్డది.”

“కనవడ్డా తెంపినవా?”

“రుద్రూర్ల మా అమ్మమ్మ గూడ గిట్లనే కడ్తది. తెలిసే తెంపిన.”

“నా మీద గంత కోపమేందే?”

“కోపం గాదు. బోరు నీళ్లు మీదికి ఎక్కుతలేవు. కాయ ముదిరేదాక మోస్తనంటివి. పొద్దుమీకితే మోకాళ్లు పట్టుకొని మూలుగుతున్నవు. కాయ లేకుంటే పాదు ఇడిచిపెడతవనుకున్న.”

“నాకు చెప్పొచ్చు గద.”

“చెప్తే ఎన్నడన్న ఇన్నవా?”

అత్తగారికి కోప్పడే ఓపిక కూడా లేకపోయింది.

“గీ విత్తనం మా అత్త ఇచ్చిందే. ఒక్క గింజ గూడ మిగల్లేదు. ఇంకేడ దొరకది.”

కోడలు తల దించుకుంది.

“గది నాకు తెల్వది అత్తమ్మా.”

“పప్పు మంచిగనే ఉండె. నేనే రెండుసార్లు ఏసుకుంటి.”

“పందిరి అంచుకు ఇంకో పిందె ఉంది. సూసినవా?”

“సూసిన. గది ముదరాలంటే వానలు పడేదాక నీళ్లు మొయ్యాలె. ఇగ నాతోని గాదు.”

“నేను మోస్త. బకెట్ ఇటియ్యి.”

అత్తగారు బకెట్‌ను కోడలి వైపు జరిపింది.

“జర పైలంగ ఎక్కు. డాబా కాడి మెట్టు పగిలింది.”