వెండి గని రాయి

షార్జా ఫ్లాటులో, ఆఫీసు పని మీద మెక్సికో వెళ్లొచ్చిన భర్త సూట్‌కేసు విప్పుతున్నాడు. భార్య బట్టలు అందుకుంటోంది.

“మీటింగులు ఖలాస్ అయ్యాక కొండల్లో పాత వెండి గనుల ఊరు చూశాను. ఎప్పుడో స్పెయిన్ వాళ్లు కట్టిందట. నెత్తిన టోపీ పెట్టుకుని గనిలోకి కూడా దిగాను.”

“మా బాపు సింగరేణిల బొగ్గుబాయి దిగినన్ని దినాలు, ఒక్కపారి చూసిపొమ్మంటే మీరు రాకపోతిరి.”

“ఆయనుండగా వెళ్లాల్సింది. ఇదిగో, ఆ గని రాయి. షోకేసులో పెడదాం.”

“పెండ్లైన కొత్తల బాపు గూడ మీకు బొగ్గుపెళ్ల ఇచ్చిండు.”

“మసి అంటుతోందని రైలు కదలగానే కిటికీలోంచి పడేశా. పాపం, మామయ్యగారికి తెలీదు.”

“ఎందుకు తెల్వది? చెయ్యి ఊపుకుంట మన కిటికీ ఎంబడే నడుస్తుండె.”