మా బీరువా మీద నా వేళ్ళు

హలో… ఆ, నేనేనండీ. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి… అదే సార్, ఆయా ఉద్యోగం, వేలిముద్రలు…

…పిల్లల బడిలో. మేం ఈ ఊరొచ్చి ఆర్నెల్లు. ఇక్కడి పోలీసులు నా ముద్రలు కంప్యూటర్‌లో పెట్టి చూస్తే, మీ స్టేషన్ దొంగతనం కేసులో నా పేరొచ్చిందట.

…రాదా మరి! దొంగలు పడింది మా ఇంట్లో. ఫిర్యాదు ఇచ్చింది నేను.

…బీరువా మీద. మా బీరువా మీద నా వేళ్ళు కాక మీ వేళ్ళుంటాయా?… అరవట్లేదు సార్. భయమేస్తే నా గొంతు ఇలాగే లేస్తుంది.

— చంటీ, మెట్ల మీద పరుగులొద్దమ్మా!

…మా పాప. అవును, ఆ రోజు మీవాళ్ళే అన్నారు, ఇంట్లోవాళ్ళ ముద్రలిస్తే వాటిని పక్కన పెడతాం, మిగిలినవి దొంగవని. పది వేళ్ళకీ సిరా పూసుకుని ఇచ్చాను. పక్కన పెట్టమంటే దొంగల్లో పెట్టారా?

…తీసేశారా? ఎప్పుడు?… పోయినేడే! మరి ఇక్కడ ఇంకా కనబడుతోందేం?

…ఇక్కడి పోలీసుల దగ్గరున్న పాత కాపీ వీళ్ళే తుడవాలా? వీళ్ళేమో మీరు ఉత్తరం పంపాలంటున్నారు. ఏడో తరగతిలో చదువాపేసినదాన్ని సార్, ఇద్దరూ కలిసి నన్ను బంతాడుకుంటే ఎట్లా?

…పెద్దాఫీసుకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇక్కడికి… నెలా! మచ్చ నిమిషంలో ఊరూరా పాకిందే, తుడిచే కాగితం మాత్రం నడిచొస్తుందా?

…నెల ఎక్కడిది సార్? ఇవాళ ఐదు దాటితే ఈ బడి మేడమ్ ఇంకొకరిని పెట్టుకుంటారు. ఈ పనుంటే పాపకి ఇక్కడే ఫీజు లేకుండా చదువు. నాలాగా మధ్యలో ఆగకూడదనే…

…ఉత్తరం వద్దు. నోటితో చెప్పండి చాలు. ఈమె దొంగ కాదు, ఇంటావిడ అని… మీకా అధికారం లేదా? నన్ను దొంగల్లో కలిపేటప్పుడు ఎవర్నడిగారండీ?

…చెప్తారా? నిజంగా? ఉండండి, మేడమ్ గది ముందే ఉన్నా. పెట్టేయకండి… మేడమ్, స్టేషన్ సారు. మీతో ఒక్క మాట చెప్తారట. తీసుకోండి…

…వినబడట్లేదా? ఇటివ్వండి. హలో? సార్? హలో…

ఇప్పటిదాకా ఉన్నారు మేడమ్, ఒట్టు… నాటకం కాదండీ, మళ్ళీ చేస్తాను, ఒక్క నిమిషం…

మేడమ్… ఆ డబ్బుల సొరుక్కి ఇప్పుడు తాళమెందుకండీ?