నగరేశ్వరరావు ఇంట్లో గిన్నెల మిషన్

మా చీపురుపల్లి స్టేషన్ ఎదర నీలవేణి టీ కొట్టుకి నగరేశ్వరరావు వచ్చేది టీ తాగడానికి కాదు, మా చెవులు తినడానికి. బజార్లో ఆయనకి కిరాణా కొట్టుంది. దాన్ని కొడుకు చూసుకుంటాడు గనక ఈయనకి పొద్దుటిపూటంతా ఖాళీ. ఆ రోజు బెంచీ మీద నేనూ, సంతకి పెసలు తెచ్చిన గణపతిరావూ ఉన్నాం. నీలవేణి బకెట్లో గ్లాసులు ముంచి తీస్తోంది. అది ఆయన కంట పడింది, ఇక ఎవరం ఆపలేకపోయాం.

"ఏటే నీలవేణీ, ఇంకా సేత్తోనే కడుగుతన్నావా? మా ఇంట్లో సెయ్యి తడుపుకునే పనే నేదు. గిన్నెలు కడిగే మిషన్ కొనీసినాను. ఎందుకో తెలుసా? మా ఇంటిది కమలాదేవికి సేతులు పగిలిపోనాయట, ఏళ్ళ సందుల్లో నెత్తురట. ఇజీనారం డాట్రు సూసి, ఈ సేతులకి సబ్బు నీలు తగిల్తే పుళ్ళు మానవు అన్నాడు. మా అమ్మేటంది? 'నా కాపరమంతా బూడిదెట్టి తోమినాను, నాకేటయింది?' అంది. నిజమే కదా మరి! ఇప్పటి ఆడోళ్ళకి అన్నీ జబ్బులే. అయినా పోనీ పాపమని కొన్నాను. ఈ ఊల్లో ఇంకెవుడైనా కొన్నాడా? నువ్వు సెప్పు గణపతీ."

"నేదు సావుకారూ," అన్నాడు గణపతిరావు, బిస్కెట్టు టీలో ముంచుకుంటూ.

"నేదు కదా? కంపెనీ కుర్రోడొచ్చి బిగించనేక సెమట్లు కక్కితే, 'తప్పుకోరా' అని నేనే బిగించీసినాను. బటన్ నొక్కితే ఒక్క ఊపు ఊపింది, ఈదిలో లైట్లన్నీ డిమ్మయిపోనాయి, ప్లాట్‌ఫారం మీద బండి కూడా కదల్నేక అలాగ నిలబడిపోనాది. ఆ తరవాత ఏటయిందో తెలుసా?"

"ఫీజు ఎగిరిపోనాదా?" అంది నీలవేణి.

"నీ మొకం! మా తాతల నాటి బూరెల మూకుడు, మసి పట్టీసి రంగేటో ఎవుడికీ తెలీదు. అది అద్దమైపోయి బయటికొచ్చింది. అందులో సూసుకుని గెడ్డం గీసుకున్నాను. నవ్వుతావేటే? ఇంకా ఇను. పెళ్ళికి పుట్టింటోలు గిన్నెలిస్తే పేర్లు సెక్కిస్తారు కదా, మా మావగారు ఇచ్చిన గిన్నెల మీద 'కమలాదేవి' అని ఉండీది. ఆ పేర్లు కూడా కడిగీసింది మిషను! ఏ గిన్నె సూసినా నున్నగా ఉన్నాది. అదీ దాని దెబ్బ."

వాళ్ళమ్మగారి మడి సంగతి ఊరందరికీ తెలుసు. పక్కింటి పిల్లాడు ముట్టుకున్నాడని కుండెడు నీళ్ళు పారబోసే మనిషి. అందుకే ఉండబట్టలేక అడిగాను, ఎంగిలి కంచాలూ దేవుడి గిన్నెలూ ఒకే పెట్టెలో పెడితే ఆవిడ ఊరుకున్నారా అని.

"అక్కడే ఉన్నాది నా బుర్ర! పద్దతెట్టీసినాను. ఎంగిలి లోపలికి ఎల్లకూడదు. ముందు కాసిని నీలు సూపించీడం, అంతే, అప్పుడు లోపలెట్టడం. తీసినాక కాస్త పసుపు నీలు సల్లీడం. మిషన్ మైలపడదు, అమ్మ మడీ పోదు. ఆ మిషన్ కనిపెట్టినోడికి తట్టిందా ఈ తెలివి? ఇంత సేస్తే మాత్రం ఏటి లాభం! ఇంట్లో ఒక్కరికీ విశ్వాసం నేదు. కమలాదేవి మొకం సూడండి, ఎప్పుడూ ముడుసుకునే ఉంటాది. దొరసాని లాగ కూకోబెట్టినా ఏడుపే. ఆడోళ్ళకి ఎంత సేసినా బూడిదలో పోసినట్టే."

ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో నిజంగానే కసి ఉంది. లోకమంతా తనకి బాకీ పడ్డట్టు మా ముగ్గుర్నీ చూశాడు. తరవాత మళ్ళీ అందుకున్నాడు.

"సరే, అది ఒగ్గీ. భోగాపురంలో మా సుట్టాల పెళ్ళి. ఊరూరంతా భోజనాలు. గంగాళాలు, డేకిసాలు, కంచాలు, కొండంత సామాను. 'నగరేశ్వరరావూ, నీ మిషనే దిక్కు' అన్నారు. ఎట్టుకెళ్ళినాను. తాంబూలాలు పంచీలోపల మొత్తం కడిగి పారీసింది! అది ఎవుడు సూసినాడో ఏటో, ఇమానాల కాడ్నుంచి ఒక పెద్దాయన కారేసుకొచ్చి సేతులట్టుకున్నాడు. 'సావుకారుగారూ, ఇమానం రెక్కలు ఊడదీసి ఇస్తాం, ఒక్కపాలి అందులో ఎట్టించండి' అని. నేనేటన్నానో తెలుసా?"

"ఏటన్నారు?" అంది నీలవేణి.

"ముందు ఎంగిలి కడుక్కుని రమ్మన్నాను! ఇమానమైతే నాకేటి? పద్దతి పద్దతే."

గణపతిరావుకి టీ కొరబోయింది. నేను వీపు మీద చరిచాను. నగరేశ్వరరావు అదేం పట్టించుకోలేదు.

"ఇది కాదర్రా అసలు కత. ఆ మిషన్లోంచి వొచ్చిన నీలు మా ఈది కాలవంట పోయి, పోయి, కళింగపట్నం కాడ సముద్రంలో కలిసినాది."

"మన కాలవ అటు ఎల్లదు కదా సావుకారూ," అన్నాడు గణపతిరావు.

"మిషన్ తోసింది, ఎల్లింది! ఇంక సూసుకో, వలలో పడిన సేపలన్నీ తోమినట్టు తెల్లగా మెరిసిపోతన్నాయట. మేం తినం గానీ, విన్నాను. ఎండబెడితే ఒక్క ఈగ వాల్నేదు. కంపు నేని ఎండుసేప ఎవుడు కొంటాడు? జాలర్లు లబోదిబోమంటా వొచ్చి, 'బాబూ, మిషన్ ఆపండి, మా పొట్ట కొట్టకండి' అని నా గుమ్మంలో..."

ఈలోగా కొట్టు ముందు ఆటో ఆగింది. అందులోంచి దిగినవాడు ఉపేంద్ర, కమలాదేవి తమ్ముడు, పలాసలో జీడిపప్పు వ్యాపారం. నగరేశ్వరరావు వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు గనక చూడలేదు. ఉపేంద్ర ఆ గుమ్మంలో జాలర్లంతా ఏడ్చి వెళ్ళేదాకా వెనకాలే నిలబడి విన్నాడు. అప్పుడు నీలవేణితో అన్నాడు.

"రెండు టీలు పొయ్యమ్మా. ఒకటి పేపరు కప్పులో పొయ్యి, కాస్త సల్లార్సి. మా అక్క ఏడి గ్లాసు పట్టుకోనేదు."

నగరేశ్వరరావు గిరుక్కున తిరిగాడు. "ఓరి బామ్మర్దీ! ఎప్పుడొచ్చినావు? సమయానికొచ్చినావు. మిషన్ సూసినావు కదా, సెప్పు ఈలకి!"

"సూసినాను బావా. పొద్దున్నే బండి దిగి మీ ఇంటికెల్లినాను. నువ్వు పడుకునున్నావు. అక్క పెరట్లో కూకుని, సేతులికి పాలితిన్ కవర్లు రబ్బరు బేండ్లతో కట్టుకుని, పీచెట్టి గిన్నెలు తోమతన్నాది. 'మిషన్ ఉన్నాది కదా అక్కా' అన్నాను. 'మిషన్లో ఎట్టాలి కదరా, అందుకే తోమతన్నాను' అంది. మెతుకు మరక ఉంటే మీ అమ్మగారు ఒప్పుకోరంట. తోమినవన్నీ అందులో ఎట్టింది. అది ఆగినాక, లోపల ఎంగిలీ మడీ కలిసిపోనాయని మీ అమ్మగారంటే, అన్నీ తీసి మళ్ళీ కుళాయి కింద కడిగింది. మిషన్ రాకముందు ఒక్కపాలే తోమీది బావా. ఇప్పుడు రెండుపాలు."

గణపతిరావు ఫక్కున నవ్వబోయి ఆటో వైపు చూశాడు. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆటోలో కమలాదేవి ఉంది. రెండు చేతులకీ పాత నూలు గుడ్డలు చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కాళ్ళ దగ్గర బట్టల సంచి. మా వైపు చూడడం లేదు. ఇంతసేపూ ఆవిడ చేతుల మీద కథ విని నవ్వానని నాకు సిగ్గేసింది.

"అది మా ఇంటి పద్దతిరా," అన్నాడు నగరేశ్వరరావు. గొంతు తగ్గింది.

"గిన్నెల మీద పేర్లు మిషన్ కడిగీసిందని ఊరంతా సెప్తన్నావట. అవి మా నాన్న సెక్కించిన పేర్లు. నీ మిషన్ రాకముందే అరిగిపోనాయి. మొన్న బేంకులో ఏలిముద్ర ఎయ్యమంటే అక్కకి పడనేదట. ఏ ఏలెట్టినా పడనేదట. గిన్నె మీదా తన పేరు నేదు, సేతి మీదా తన గుర్తు నేదు. ఇంక మీ ఇంట్లో మా అక్కది ఏటి మిగిలింది బావా?"

స్టేషన్లో పలాస పాసింజరు వస్తోందని మైకు చెప్తోంది.

"ఇప్పుడు ఎక్కడికి తీసుకెల్తన్నావు?"

"మా ఇంటికి. సేతులు మానీదాకా ఉంటాది. మానినాక వస్తాదో రాదో తననే అడుగుతాను, నిన్నడగను."

"ఒరే, పెళ్ళానికి అంత మిషన్ కొన్నోణ్ణిరా నేను! ఈ ఊల్లో ఎవుడు..."

"కొన్నావు, కాదన్నేదు," అన్నాడు ఉపేంద్ర కప్పులు అందుకుని. "మరి రేపొద్దున్న అందులో ఎట్టడానికి ముందు ఎవులు తోమతారు?"

అతను ఆటో దగ్గరికి వెళ్ళి అక్కకి టీ తనే పట్టి తాగించాడు. నగరేశ్వరరావు అటు చూడలేక, చేతిలో ఖాళీ గ్లాసు నీలవేణికి అందించబోయాడు. ఆవిడ అందుకోలేదు. బకెట్ కాలితో ఆయన ముందుకి జరిపింది.

"కాసిని నీలు సూపించీయండి సావుకారూ," అంది. "అంతే."