మరొకరి పేరున మ్రోగుతున్న గొంతు: శ్రీ వీజ్నర్ గారి పదవీ విరమణ

పంతొమ్మిది వందల తొంభై ఆరు జూన్ పదిహేడవ తేదీన, గౌలిపురలోని మన పాఠశాలలో సంగీతోపాధ్యాయులుగా చేరిన శ్రీ గేర్‌హార్డ్ వీజ్నర్ గారు, మూడు దశాబ్దాల సేవానంతరం ఈ మాసాంతమున పదవీ విరమణ చేయుచున్నారు. అభినందన సంచికలో చేదు మాట రాయకూడదన్నది లోకాచారం. అయితే ఆ ఆచారాన్ని పాటించి వీజ్నర్ గారి జీవితాన్ని చెప్పడం ఎవరి తరమూ కాదు.

తూర్పు జర్మనీలోని ఒక నేతపట్టణంలో, మగ్గం కార్మికుని ఇంట జన్మించిన వారు లైప్‌జిగ్ నగరాన సంగీతం అభ్యసించి, ఇరవై నాలుగవ యేట ఒక చిన్న ఊరి ఒపెరా నాటకశాలలో గాయకులుగా కుదురుకున్నారు. ఒపెరా అంటే ఆద్యంతం పాటగా సాగే నాటకం. మంద్రానికీ తారస్థాయికీ నడుమ నిండుగా పలికే పురుష కంఠాన్ని అక్కడ బారిటోన్ అంటారు. వీజ్నర్ గారిది అట్టి కంఠం. పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ప్రభుత్వ రికార్డు కంపెనీ వారు ఒక పాత చర్చిలో ఆయన చేత జర్మన్ గీతాలు పాడించి టేపులకెక్కించారు. ఆనాడు ఆ చర్చి చివరి బల్లపై కూర్చుని విన్న ఏకైక శ్రోత, కిషన్‌బాగ్ నుండి ముద్రణ విద్య నేర్వడానికి ఆ దేశం వెళ్ళిన కుమారి అక్తరున్నీసా.

ఆమెను వివాహమాడేందుకు అనుమతి కోరడమే వీజ్నర్ గారు చేసిన నేరమైంది. పరదేశపు పిల్లను కట్టుకుని దేశం దాటిపోతాడని అధికారులు అనుమానించి ఆయనను నాటకశాల నుండి తొలగించారు. రికార్డుల సంగతి అడిగితే, చెరిపివేశామన్నారు. ఆపై బెర్లిన్ గోడ కూలింది, పెండ్లికి అడ్డు తొలగింది. కానీ కొత్త ప్రభుత్వం ఆ చిన్న నాటకశాలనే మూసివేసింది. చేతిలో ఒక్క రికార్డు లేని గాయకుణ్ణి పెద్ద నగరాలలో పిలిచినవారు లేరు. అలా తొంభై మూడులో ఆ దంపతులు కిషన్‌బాగ్ చేరారు.

అక్తరున్నీసా గారి తండ్రి ఖాజా గారు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో కూరగాయల వ్యాపారి. అల్లుణ్ణి ఎదుట కూర్చోబెట్టుకుని ఆయన వేసిన ప్రశ్న ఆ ఇంట నేటికీ చెప్పుకుంటారు.

"ఏం పని చేస్తవ్ బేటా?"

"పాడుతా," అన్నారు వీజ్నర్ గారు, భార్య నేర్పిన తెలుగులో.

"పాడుడు సరే. పని ఏందంటున్న."

ఆపై ఖాజా గారే దారి చూపారు. "ఫికర్ చేయకు. మా దగ్గర గూడ పాటనే. హర్రాజు పాట. రేపటి సంది వచ్చి పాడు."

తెల్లవారుజామున టమాట గంపల నడుమ నిలబడి ఆ ఆజానుబాహువు వేలంలో ధర పాడుతుంటే మార్కెట్ ఈ కొస నుండి ఆ కొస దాకా వినిపించేదట. రైతులు పని ఆపి చూసేవారట. "మా అల్లుడుంటే మైకెందుకు?" అని ఖాజా గారు మురిసిపోయేవారు. ఇంతవరకు ఇది నవ్వుకోదగిన ముచ్చటే. కానీ మిరపఘాటులో, లారీల పొగలో, మూడేండ్లు గొంతు చించుకుని అరిచిన ఫలితంగా ఆ కంఠంలోని పై స్వరాలు ఒకటొకటిగా రాలిపోయాయి. మన పాఠశాలకు వచ్చేనాటికి ఆయనకు పాడే గొంతు లేదు. పాట నేర్పే గొంతు మాత్రమే మిగిలింది.

ఆ మిగిలినదానితోనే ఆయన మన పిల్లలకు ఊపిరి పట్టడం, విడవడం, పదాన్ని నలగకుండా పలకడం నేర్పారు. ఆ శిష్యులలో అగ్రగణ్యురాలు ఫర్హీన్, నేడు స్వయంగా సంగీతోపాధ్యాయిని. ఏడేండ్ల క్రితం ఒక మధ్యాహ్నం ఆమె ఫోను పట్టుకుని ఉపాధ్యాయుల గదిలోకి దూసుకొచ్చింది. పాత జర్మన్ రికార్డులను ఒక కంపెనీ కొత్తగా ఇంటర్నెట్‌లో పెట్టిందనీ, పేరు వేరే గాయకునిదైనా ఊపిరి తీసే తీరు మన సార్‌దేననీ ఆమె మాట.

వీజ్నర్ గారు పాట చివరిదాకా కదలకుండా విన్నారు. గదిలో కాపీలు దిద్దుతున్నవారు కలాలు పక్కన పెట్టారు.

"మంచిగ పాడిండు," అన్నారాయన.

"ఎవరు సార్?"

"నేనే."

టేపులను ఎవరూ చెరపలేదు. డబ్బాల మీది పేరు మాత్రం మార్చారు. ఆ పేరుగల గాయకుడు గతించి చాలా కాలమైంది. వీజ్నర్ గారు కంపెనీకి రాస్తే, అవే గీతాలు ఇప్పుడు పాడి పంపమన్నారు. మన సంగీతం గదిలో తలుపులు మూసుకుని ఆయన పాడారు. ఫర్హీన్ రికార్డు చేసింది. పై స్వరం వద్ద గొంతు బీటలు వారింది. ఆయన ఆగి, నీళ్ళు త్రాగి, మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అక్కడే విరిగింది. రెండు కంఠాలూ సరిపోలడం లేదని కంపెనీ జవాబిచ్చింది.

"ఆ దినం నేను ఆడ్నే కూసున్న కదా! నా సాక్ష్యం చెల్లదా?" అని అక్తరున్నీసా గారు అడిగారు. భార్య సాక్ష్యం చెల్లదని కంపెనీ వారు రాశారు. కనీసం పని చేస్తున్న సంస్థ అయినా, ఈయన వెనుకట జర్మనీలో గాయకుడని ధ్రువీకరిస్తే మరల పరిశీలిస్తామన్నారు. కొలువులో చేరేనాడు నాటకశాల ఒప్పందపత్రం చూసే కదా మనవారు ఆయనను తీసుకున్నది! వీజ్నర్ గారు పాఠశాల కార్యదర్శి కైలాసం గారిని స్వయంగా కలిశారు.

"అప్పుడెప్పుడో మీరు ఏం పాడిన్రో మాకేం ఎర్క సార్? రేపు కేసయితే స్కూల్ బద్నాం అయితది. మనకెందుకీ లొల్లి?" అన్నారు కైలాసం గారు.

వీజ్నర్ గారు నమస్కరించి వచ్చి, ఏడవ తరగతికి పాఠం చెప్పారు. ఆ సాయంకాలం అక్తరున్నీసా గారు మాత్రం బడి గేటు ముందు నిలబడి, వచ్చేపోయే మా అందరినీ పేరు పేరునా పిలిచి అడిగారు: "ముప్పై ఏండ్ల కింద వాళ్ళు పేరు తీసేసిన్రు. గా దేశం గట్ల ఉండె. మీరెందుకు జంకుతున్రు?" మేమందరం తలలు దించుకుని గేటు దాటి వెళ్ళిపోయాము.

మొన్న సన్మానసభ నాడు మందిరం ముందు కట్టిన బ్యానరుపై "ప్రపంచ ప్రఖ్యాత జర్మన్ గాయకులు" అని అడుగెత్తు అక్షరాలతో రాయించారు. దానిని చూసి వీజ్నర్ గారు కైలాసం గారితో, "ఈ మాటనే అప్పుడు చిన్న కాయితం మీద అడిగిన," అన్నారు. కార్యదర్శి గారు నవ్వి, ఆయనకు కప్పిన శాలువా సర్దారు. వచ్చే విద్యాసంవత్సరం నుండి సంగీతోపాధ్యాయ పదవి ఉండబోదన్న నిర్ణయం కూడా ఆ చేతుల మీదుగానే వెలువడింది.

వీజ్నర్ గారూ, ఈ క్షణాన కూడా ఏదో దేశంలో ఎవరో మీ ఇరవై ఆరేండ్ల కంఠాన్ని విని, మరొకరిని మెచ్చుకుంటూ ఉండవచ్చు. ఆ గొంతు ఎవరిదో కళ్ళారా చూసి ఎరిగినవారు ఈ భూమి మీద ఇక మీ దంపతులే. కావున మీరిరువురూ ఆరోగ్యంగా, నిండు నూరేండ్లు, ఎవరికీ తల వంచక, మొండిగా బతకాలని కోరుకుంటున్నాము.