అల్మాస్ కండక్టర్‌ది ఏ దేశం

ఉప్పల్ డిపో అన్నలారా, అక్కలారా, నాచారం కాలనీ పెద్దలారా, మౌలాలి నుంచి వచ్చిన ఇరుగుపొరుగు వాళ్లారా, అందరికీ దండాలు.

కుర్చీలు సరిపోక సగం మంది గోడలకు ఆనుకోని నిలబడ్డరు. ఇంతమంది వచ్చిన్రు, సంతోషమని నేను అనలేను. ఆ మనిషి బతికున్నప్పుడు ఇందుల సగం మందిమి ఆయన పక్కన నిలబడి ఉంటే, ఇయ్యాల నాకు ఇంత కోపం ఉండకపోవు. కోపం మీ మీద ఒక్కటే కాదు. నా మీద కూడ.

నా పేరు ఉమాపతి. బస్సు నడిపేటోన్ని, మాటకారిని కాదు. పదకొండేండ్లు నేను డ్రైవర్‌ను, అల్మాస్ అన్న కండక్టర్. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్, మళ్ల సికింద్రాబాద్ నుంచి ఉప్పల్. నా పెండ్లాం ముఖం కన్న ఆయన ముఖమే ఎక్కువ చూసిన. పోయిన నెల ఒకనాడు పొద్దుగాల డ్యూటీకి తయారైతుంటే ఛాతిల నొస్తుందన్నడట. దవాఖానకు చేరకముందే పానం పోయింది. యాభై మూడేండ్లు. తెలంగాణ బిల్లు పాసైంది, చూసిండు. ఇంకో ఇరవై రోజులల్ల రాష్ట్రం వస్తది. అది చూడలే.

అల్మాస్ బిన్ ముబారక్. సిద్దీల ఇంట్ల పుట్టిండు. వాళ్ల ముత్తాత ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం గుర్రపు దళంల పనిచేసిండు. మాసబ్ ట్యాంక్ కాడ ఏ.సీ. గార్డ్స్ అని బస్తీ ఉంది గద, ఆ ఏ.సీ. అంటే ఏమనుకుంటున్నరు? సల్లగాలి మిషిని అనుకున్న నేనైతే. ఆఫ్రికన్ కావల్రీ అట. ఆయన చెప్పేదాక నాకు తెల్వదు. ముత్తాత వచ్చింది ఈ ఊరికే. తాత, తండ్రి పుట్టింది ఈ ఊర్లెనే, మట్టిల కలిసింది ఈ ఊర్లెనే.

మరి రోజూ బస్సుల ఆయన్ని ఏమడిగేటోళ్లు? ఏ దేశం? పోచారం ఆఫీసులకు పోయే పిల్లలు ఇంగ్లీషుల అడిగేటోళ్లు. వాళ్లు ఊరికొచ్చి రెండు నెలలు కాకపోవు. ఏ దేశం? ఆయన నవ్వకపోయేది, తిట్టకపోయేది. "నువ్వు యాడ దిగాలె తమ్మీ, గది చెప్పు" అనేటోడు.

రెండువేల ఆరుల అనుకుంట. నాచారంల సినిమా షూటింగు నడుస్తుంది. మేనేజరొకడు మా బస్సెక్కిండు. అల్మాస్ అన్నను చూసి వాని కండ్లు మెరిసినయ్. వేషమిస్త అన్నడు. అడవి మనిషి వేషం. మెడల బొక్కల దండ, చేతిల బల్లెం. కామెడీ ఆయన ఈయన్ని చూసి దబ్బున పడిపోవాలె. "మాటలేముంటయ్?" అని అడిగిండు అన్న. "మాటలెందుకు, హుర్ హుర్ అంటే చాలు" అన్నడు వాడు. "నాకు తెలుగొస్తది, ఉర్దూ వస్తది. హుర్ హుర్ రాదు" అని, టికెట్ చింపి వాని చేతిల పెట్టిండు.

వాళ్లు ఊకుంటరా? ఇంకెవరికో ఒళ్లంత నల్లరంగు పూసి తీసిన్రు. ఆ సినిమా ఉప్పల్ల ఆడితే నేను పిల్లల్ని తోల్కపోయిన. ఆ సీనుకు నవ్విన. అబద్ధమెందుకు, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన.

మా నవ్వు యాడ తగిలిందో తెలుసునా? ఆయన బిడ్డ జైతూన్‌కు తగిలింది. నాలుగో తరగతి అప్పుడు. బడిల పోరగాండ్లు ఆ పిల్ల ఎనకవడి హుర్ హుర్ అనుడు మొదలువెట్టిన్రు. ఒకనాడు ఆ పిల్ల పౌడర్ డబ్బ మొత్తం ముఖానికి, మెడకు, చేతులకు పూసుకోని, బడికి పోనని మూలకు కూసుందట. అన్న తిట్టలే. ముఖం కడిగిండు. ఖాకీ డ్రెస్సు మీదనే బడికి పోయిండు. కమలకుమారి టీచర్ గారు ముందలనే కూసున్నరు, వాళ్లే సాక్ష్యం. ఒక్క పీరియడ్ ఇయ్యున్రి మేడం అన్నడు. ఆ తల్లి ఇచ్చింది. పిల్లలందరి ముందల చేయి చాపి, "రుద్దున్రి, పోతదేమో చూడున్రి" అన్నడు. ఒక్కొక్కడు వచ్చి రుద్దిండు. రుమాలు తడిపి రుద్దిండు ఒకడు. "పోలే గద? పోవద్దు కూడ. ఇది నా తాతది, నా నాయినది, నా బిడ్డది. ఇది నా ఇజ్జత్" అన్నడు. ఆ తర్వాత జైతూన్‌ను ఎవడు ఏమనలే అని చెప్పాలనున్నది. కని అన్నరు. చానేండ్లు అన్నరు. ఆ పిల్ల మాత్రం మళ్ల పౌడర్ డబ్బ ముట్టలే.

ఇగ చెప్పలేక చెప్పేది ఒకటున్నది. జర ఓపిక పట్టున్రి.

రెండువేల ఎనిమిది, నవంబర్ నెల. అమెరికాల మొదటిసారి నల్లాయన గెలిచిండు. డిపోల పండుగ! అల్మాస్ అన్న మెడల బంతిపూల దండేసినం, నోట్ల లడ్డు కుక్కినం. "అన్నా, మీవోడు గెలిచిండే" అని భుజాల మీదికి ఎత్తబోయినం. అన్న దండ తీసి చేతిల పట్టుకోని ఒక్క మాటన్నడు. "ఆయన గెలిచిండు, నాకు మస్తు ఖుషీ. రాత్రంత రేడియో విన్న. కని యాడనో గెలిచినోనికి ఈడ దండేస్తున్నరు. మన గల్లీల ఉన్న ఇద్దరు పిల్లల్ని ఎందుకు ఎల్లగొడుతున్నరు?"

అది నిజం.

యూనివర్సిటీల చదివే ఇద్దరు సూడాన్ పిల్లలు నాచారంల మా గల్లీలనే గది తీసుకోని ఉండేటోళ్లు. ఏం తప్పు చేసిన్రు? ఏం లేదు. కని ఆడపిల్లలున్న గల్లీ అన్నరు ఒకలు. ఏం తింటరో ఏమో అన్నరు ఇంకొకలు. కాలనీ సంఘం కాగితం రాసింది, ఖాళీ చేయించాలని. అప్పటికే మనం ఆంధ్రోళ్లు, తెలంగాణోళ్లు అని కొట్లాడుకుంటున్నం గద? ఆ కాగితం మీద సంతకాల కాడ మాత్రం అందరం ఒక్కటైనం! నలభై ఒక్క సంతకాలు. అండ్ల పదిహేడోది నాది.

పరీక్షలు నెల దినాలల్ల ఉన్నయ్. ఆ పిల్లలు సామాన్లు ఏసుకోని యాడికి పోతరు? అల్మాస్ అన్న తన ఇంటికి తెచ్చుకున్నడు. అదే గల్లీల రెండు గదుల పోర్షన్. ఒక గదిల తను, భాబీ, బిడ్డ. ఇంకో గది వాళ్లకిచ్చిండు. మూడో రోజు ఇంటి ఓనర్ సుబ్రహ్మణ్యం గారు వచ్చిండు. చెడ్డోడేం కాదు, తొమ్మిదేండ్లల్ల ఒక్క మాట అనలే. "మీరంటే మాకు అభ్యంతరం లేదండీ, మీరు మనవాళ్లే. వాళ్లని పంపించేయండి, లేకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది" అన్నడు. అన్న ఏమన్నడు? "సార్, నన్ను చూసి మనోడంటున్నరు, వాళ్లను చూసి కాదంటున్నరు. నా ముఖం, వాళ్ల ముఖం ఒక్కటే గద. రేపు నన్ను గూడ కాదంటరు" అన్నడు. వారం రోజులల్ల ఇల్లు ఖాళీ చేసిండు.

తొమ్మిదేండ్లున్న ఇల్లు. మౌలాలిల రేకుల ఇల్లు దొరికింది. ట్రాలీ ఆటోల సామాన్లు ఏస్తుంటే మేమందరం తలుపుల సందుల నుంచి చూసినం. బీరువా ఒక్కని తోటి లేస్తదా? ఒక దిక్కు ఆయన, ఇంకో దిక్కు ఆ సూడాన్ పిల్లలు పట్టిన్రు. నేను ఇంట్లనే ఉన్న. బయటికి పోలే. ఆ పిల్లలు పరీక్షలు రాసిన్రు, పాసైన్రు, పోయిన్రు. మళ్ల ఉత్తరం రాలే, ఫోన్ రాలే. ఆయన దానికి ఫికర్ కూడ పడలే.

రెండేండ్లకు ఒకనాడు తార్నాక సిగ్నల్ కాడ బస్సు ఆగినప్పుడు, ఎనకకు తిరిగి, అన్నా మాఫ్ చెయ్యి అన్న. ఆయన నా చెవి కాడికి వంగి, "సంతకం అందరికి కనవడేటట్టు పెట్టినవ్ ఉమాపతీ, మాఫీ మాత్రం గుసగుస అడుగుతున్నవ్. అది గూడ అందరి ముందల అడుగు" అన్నడు. రైట్ రైట్ అన్నడు. బస్సు తీసిన.

ఆయన బతికున్నప్పుడు అడగలే. ఇయ్యాల అడుగుతున్న. భాబీ, బిడ్డా జైతూన్, ఆ పదిహేడో సంతకం నాది. మాఫ్ చేయకున్నా సరే. తెలిసి ఉండున్రి.

ఇంకొక్కటి చెప్పి కూసుంట. సకల జనుల సమ్మె మీకు యాదికున్నది. బస్సులు బంద్ పెట్టి ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ టెంటు ఏసుకున్నం. అల్మాస్ అన్న రోజూ మర్ఫా డప్పు కొట్టేటోడు. ఆ దరువుకు ముసలోళ్లు గూడ ఎగిరేటోళ్లు. ఒకనాడు యాడి నుంచో వచ్చిన లీడరొకడు మైకు పట్టుకోని, ఆఫ్రికా సోదరులు కూడ మన తెలంగాణకు మద్దతిస్తున్నరు, చప్పట్లు కొట్టున్రి అన్నడు. మేం కొట్టినం! మళ్ల కొట్టినం! బుద్ధి రాలే మాకు.

అన్న మర్ఫా కింద పెట్టిండు. స్టేజీ ఎక్కిండు. మైకు అడిగి తీసుకున్నడు. "మద్దతు బయటోడు ఇస్తడు సార్. నేను మద్దతు ఇయ్య రాలే. నా ఇల్లు నేను అడుగ వచ్చిన" అన్నడు. అంతే. దిగొచ్చి మళ్ల మర్ఫా అందుకున్నడు. ఆ లీడర్ పేరు ఇయ్యాల మనకెవ్వరికన్న యాదికున్నదా?

అన్నలారా, మన రాష్ట్రం వస్తుంది. మంచిదే, మనం కొట్లాడితేనే వస్తుంది. కని ఇగో, నా ఎనక ఈ ఫ్లెక్సీ చూడున్రి. మన డిపో సంఘమే కొట్టించింది. దీంట్ల ఉన్నదెవలు? ఫోటో దుకాణపోడు మంచిగ కనవడాలని అన్న ముఖం తెల్లగ చేసిండు. గోధుమ రంగు చేసిండు! మనం పైసలిచ్చి తెచ్చినం, కట్టినం, దండేసినం. ఒక్కనికి గూడ అనుమానం రాలే. పొద్దుగాల జైతూన్ వచ్చి చూసి, "మామా, ఈయన ఎవరు?" అని అడిగింది. మనిషి ఉన్నప్పుడు ఉండనియ్యలే. సచ్చినంక కూడ ఆయన రంగుల ఆయన్ని ఉండనియ్యమా?

తమ్మీ, ఆ తాళ్లు విప్పున్రి. దించున్రి దాన్ని. సభ అయిపోయినంక కాదు, ఇప్పుడే.

ఆ. చాలు. జైతూన్ ఇంటి నుంచి ఒక ఫోటో తెచ్చింది, నడుమ కుర్చీల పెడుతుంది. బిడ్డా, కొంచెం ఎత్తుల పెట్టు, ఎనకోళ్లకు కనవడాలె.

అందరు లేవున్రి. లేవలేనోళ్లు కూసున్నా పర్వాలే. రెండు నిమిషాలు మాట్లాడకుండ ఉందాం. ఇసొంటి సభలల్ల కండ్లు మూసుకోని, తల దించుకునుడు మనకు అలవాటు. ఇయ్యాల ఒక్కనాడు వద్దు. తలలు ఎత్తున్రి. కండ్లు తెరిసి, ఆ ముఖం ఎట్లున్నదో అట్లనే చూడున్రి.