పాపం గిన్నెలో లేదంట

దీవెనమ్మకి జొరమొచ్చిందంట. మామూలు జొరం కాదు, ఇరవయ్యొక్క రోజులు, మనిషి చాపకి అంటుకుపోయింది. పక్కింటి ఆదెమ్మ రోజూ గంజి కాచి తాపి, తలచిక్కు తీసి, ఇంక లాభం లేదనుకుని పోలేరమ్మకాడికి పోయి మొక్కుకుందంట: "తల్లీ, మా వదిన లేచి తిరిగితే నీకు మేకపోతునిస్తా. ఆ కూరలో మొదటి ముద్ద దానికే పెడతా." అటుపక్క చర్చి అయ్యగారు, జ్ఞానరత్నంగారని, మంచాయనే, మూడు రోజులు పస్తుండి ప్రార్థన చేశాడు. దీవెనమ్మ లేచి కూచుంది. ఎవరి మాట విని పోయిందో ఆ జొరానికే తెలియాలి, మనకెందుకు.

ఏమైందంటే, పోలేరమ్మ జాతర, అదే కొలుపులొచ్చినయ్. శనివారం మధ్యాన్నం కూర తెస్తానే వదినా, నువ్వు తిన్నాకే మా ఇంట్లో విస్తరేసేది, నువ్వు కాదంటే నా మొక్కు చెడిద్ది, అని ఆదెమ్మ చెప్పిపోయింది. అంతకు ముందే అయ్యగారు చర్చిలో గట్టిగా చెప్పున్నాడు, కొలుపుల కూర నోట పెట్టినోళ్ళకి బల్ల లేదని. బల్లంటే తెలుసుగా, ప్రభువు రొట్టె, ద్రాక్షరసం. జొరం మూలాన రెండు నెల్ల బట్టీ ఆ రొట్టెముక్కకి మొహం వాచి ఉంది దీవెనమ్మ. ఇటు చూస్తే ప్రాణం నిలిపిన మనిషి, అటు చూస్తే ప్రాణమిచ్చిన ప్రభువు. ఎటని పోద్ది?

యాభై ఏళ్ళకి అక్షరాలు దిద్దిన మనిషి. వేలు కింద పెట్టుకుని, ఒత్తులకాడ ఆగి ఆగి గ్రంథం చదివింది. ఒకచోట ప్రభువే, నోట్లోకి పోయేది కాదమ్మా మైల, నోట్లోంచి వచ్చేదే మైల అన్నాడంట. నవ్వుకుంది. ఇంకోచోట సంఘం పెద్దలు, బొమ్మలకి పెట్టింది తినొద్దని ఉత్తరం రాశారు. ఏడ్చింది. కాసిని ఆకులు తిప్పితే పౌలుగారు, వడ్డించింది ఎక్కడిదని అడక్కుండా తిను అన్నాడు. మళ్ళీ నవ్వింది. ఆ కిందనే, ఎవరన్నా ఇది బొమ్మకి పెట్టిందని చెపితే మటుకు తినమాకు అన్నాడు. మళ్ళీ ఏడుపే. పుస్తకం చంకన పెట్టుకుని అయ్యగారికాడికి పోయి, తినొద్దన్నారు, తినమన్నారు, ఏ మాటకి దణ్ణం పెట్టనయ్యా అని అడిగింది. ఆయన గడ్డం గోక్కుని, రెండూ సత్యమే తల్లీ, చెప్పగా విని తింటే తప్పు, చెప్పకపోతే తప్పులేదు అన్నాడు. "అంటే పాపం గిన్నెలో లేదు, చెవిలో ఉందన్నమాట," అనుకుంటా ఇంటికొచ్చింది. మరి ఆమెకి ముందే తెలుసుగా అంటారేమో. జొరంలో మతి పోయిందనుకోండి.

శనివారం ఆదెమ్మ గిన్నె కొంగుకింద పెట్టుకుని వచ్చింది. "వదినా, ఇది మన పోలే..." "ఆఁ? వినపడట్లేదే, జొరం నా చెవులు పట్టుకుపోయింది!" "నిన్న మా ఇంట్లో గుసగుసలు కూడా విన్నావుగదే, దొంగమొహమా!" "ఇయ్యాల పోయినయ్." ఆదెమ్మ సంగతి కనిపెట్టి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి, ముద్ద కలిపి నోట్లో పెట్టిందంట. దీవెనమ్మ కళ్ళెమ్మట నీళ్ళు. కారమే అంది.

సరిగ్గా అప్పుడే అయ్యగారు ప్రార్థనకని గుమ్మంలోకొచ్చాడు. దేవుడు పంపాడో, వాసన లాక్కొచ్చిందో. ఆదెమ్మే పీటేసి వడ్డించింది. ఆయన వద్దనలా. నాలుగు ముద్దలు తిని, "ఎక్కడిది తల్లీ మాంసం?" అన్నాడు. "అడక్కండయ్యా, పౌలుగారు అడగొద్దన్నాడు," అంది దీవెనమ్మ చేతులు జోడించి. ఆయన చెయ్యి ఆగింది. వేలికి ఆకు తగిలింది. రంపప్పళ్ళ అంచు, వేపాకు. అమ్మవారి ముందు పెట్టినప్పుడు పడిందనుకో. ఆకు వంక చూశాడు, ఆదెమ్మ వంక చూశాడు, ఇంకా సగమున్న గిన్నె వంక చూశాడు. దీవెనమ్మకి పై ప్రాణాలు పైనే పోయినయ్, రేపటి రొట్టె పోయినట్టే అనుకుంది. "కరివేపాకు కాస్త ముదిరింది తల్లీ," అని ఆకు పక్కన పెట్టి, ఇంకొంచెం అన్నం పెట్టించుకున్నాడంట.

మర్నాడు బల్లకాడ రొట్టె ఇచ్చాడు, మొహం మటుకు చూడలా. నోట్లోకి పోబోయింది వేపాకు, నోట్లోంచి వచ్చింది కరివేపాకు. ఇందులో మైల ఏదంటారా? నన్నడగమాకండి. నాక్కూడా చెవులు సరిగ్గా వినపడవు.